పెద్దమామ వాకిట్లోకి తెరుచుకునే కిటికీ

పెళ్ళయి ఎల్లారెడ్డికి వచ్చిన మొదటి వారంలోనే అత్తగారింటి వెనక గది కిటికీ తెరవబోయాను. గడియ తీసి, ఇనుప సలాకల సందులోంచి చెయ్యి పెట్టి నెట్టాను. రెక్కలు కదల్లేదు. రెండో చెయ్యి కూడా పెట్టి నెట్టాను. గోడను నెట్టినట్టే ఉంది.

"అది రాదు బిడ్డా, వానలకు వాసింది" అంది అత్త, తలెత్తకుండా.

ఆమె ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఆ గదిలో కూర్చునే బీడీలు చుట్టేది. పగలు పదకొండు గంటలకు కూడా బల్బు వేసుకోవాల్సిందే. కరెంటు పోతే గడప దగ్గరికి జరిగేది. తంబాకు ఘాటు బయటికి పోయే దారిలేక గదిలోనే తిరిగేది. కట్ట కట్టకోసారి ఆగి దగ్గేది.

అది 2010 ఎండాకాలం. వానలకు వాచిన కట్టె మే నెలలో కూడా ఎందుకు వాచే ఉంది? నాకది అంతుపట్టలేదు.

మా బాపు కామారెడ్డిలో వడ్రంగి. ఇద్దరన్నలకూ పని నేర్పాడు, నాకు నేర్పలేదు. రంపం రెండో కొస పట్టే మనిషి లేనప్పుడు మాత్రం నన్ను పిలిచేవాడు. ఆ కొస పట్టుకునే నేర్చుకున్నాను. ఎవరైనా కిటికీ పట్టుకుపోయిందని వస్తే బాపు పనిముట్టు తీసేవాడు కాదు, ముందు అడిగేవాడు. "వానకాలమే పట్టుకుంటదా, ఏడాదంత పట్టుకుంటదా? వానకాలమే అయితే కట్టె నీళ్ళు తాగింది. ఇప్పుడే చెక్కొద్దు, ఎండకు ఆరినంక చూద్దాం. ఏడాదంత అయితే బందుల మరలు వదులై రెక్క కిందికి జారింది. ఈ రెండూ గాకుంటే ఎవలో ఏందో చేసిండ్రు."

ఇంట్లో ఒక పాత ఇనుప స్కేలు దొరికింది. దాన్ని రెక్కకూ చౌకట్టుకూ మధ్య సందులో దూర్చి పైనుంచి కిందికి జరిపాను. జారిపోతూ వచ్చి ఒకచోట టక్కున ఆగింది. దాన్ని దాటించి కిందికి జరిపితే మళ్ళీ జారింది, మళ్ళీ ఒకచోట ఆగింది. రెండో రెక్కకూ అంతే. వాచిన కట్టె జానెడు, బారెడు పట్టుకుంటుంది. ఇది గోరంత జాగాలో పట్టుకుంది. స్కేలుతో తడితే ఇనుము మీద ఇనుము మోగింది.

"అత్తా, ఇది వాసలేదు. బయటినుంచి మొలలు కొట్టిండ్రు. నాలుగు."

ఆమె చెయ్యి ఆగింది. చుట్టిన బీడీకి దారం కట్టి కింద పెట్టింది. "తెల్సు బిడ్డా. సుత్తె సప్పుడు ఇన్న గద."

అప్పుడు చెప్పింది. ఇల్లు అన్నదమ్ములు ఇద్దరికీ ఎప్పుడో పంచారు. ఈ గది మా మామ వంతుకు, దాని వెనకున్న వాకిలి ఆయన అన్న, అంటే మా పెద్దమామ వంతుకు వచ్చాయి. మామ పోయాక, మీ భాగం నాకే అమ్మమని పెద్దమామ అడిగాడు. అత్త అమ్మనంది. ఆ వారంలోనే మొలలు పడ్డాయి.

"చీకట్ల ఎన్ని రోజులుంటది, అదే ఇస్తది అనుకున్నడు."

"నువ్వు అడగలేదా?"

"మగదిక్కు లేని ఇల్లు. నీ పెనిమిటి దుబాయిల. ఎవలతోని కొట్లాడాలె?"

పెళ్ళికని సెలవు మీద వచ్చి, వెంటనే దుబాయి తిరిగి వెళ్ళిన నా భర్త ఆ వారం ఫోన్ చేసినప్పుడు చెప్పాను. "పెద్దమనిషి, ఊకో. నేనొచ్చినంక మాట్లాడుత" అన్నాడు.

"నువ్వొచ్చేది రెండేండ్లకు. అత్త దగ్గు అందాక ఆగుతదా?"

"జాగ్రత్త" అన్నాడు. దాన్ని నేను సరేనన్నట్టుగానే తీసుకున్నాను.

మరుసటి రోజు తాడ్వాయి మీదుగా పోయే బస్సెక్కి కామారెడ్డికి వెళ్ళాను. బాపు అంతా విని ఒక్క మాటే అడిగాడు. "మొలలు ఎటునుంచి కొట్టిండ్రు?"

"బయటినుంచి."

"అయితే నువ్వు బయటికి పోకు. ఆయన వాకిట్ల కాలువెట్టినవంటే మాట ఆయనదైతది. లోపట్నుంచే కొయ్యి."

ఇనుము కోసే రంపపు బ్లేడు, చెక్క నున్నగా గీసే చిన్న రంద, మరలు తిప్పే పేచీకస్ సంచిలో పెట్టి ఇచ్చాడు. మా పెద్దన్న మాత్రం, "అత్తగారింట్ల గిదేం పనే?" అని నవ్వాడు. నేను బస్సు టైమైందని లేచాను.

పెద్దమామ లేని సమయం చూసుకొని కొయ్యమంది అత్త. ఆయన ఉన్న సమయమే చూసుకున్నాను. పొద్దున పది గంటలకు ఆయన వాకిట్లో మంచం వేసుకుని పేపరు చదువుతాడు. బ్లేడుకు ఒక కొసన పాతగుడ్డ చుట్టి పట్టుకుని, సలాకల మధ్యనుంచి సందులోకి దూర్చి కొయ్యడం మొదలుపెట్టాను. చప్పుడు దాచలేదు. మొదటి మొల తెగేసరికి చెయ్యి పట్టేసింది. మూడోదానికి బ్లేడు విరిగింది, సగం ముక్కతోనే కోశాను. నాలుగోది తెగగానే రెండు రెక్కలూ బయటికి తెరుచుకున్నాయి. ఎదురుగా పెద్దమామ, చేతిలో పేపరు.

"ఎవలు తియ్యుమన్నరు?"

"మా కిటికీ మేమే తీసుకున్నం పెద్దమామా."

"వాకిలి నాది. రెక్క నా జాగలకు వస్తది. ముయ్యి."

"ముయ్య" అన్నాను. నోట్లోంచి ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని నాకే తెలియదు.

సాయంత్రం ఆయన ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. అత్త తలుపు చాటున నిలబడింది. నేను ఎదుట నిలబడ్డాను. వాళ్ళలో ఒకాయన కిటికీని లోపలా బయటా చూసి, "గోడ మీ వంతుదే, కిటికీ మీ వంతుదే. కని రెక్క ఆయన జాగల తిరుగుతుంది గదమ్మా" అన్నాడు.

"రెక్క ఆయన జాగలకు రాకుంటే?"

పెద్దమామ నవ్వాడు. "రాకుంటే నాకేం పని? రెక్క బయటికి రాకుండ కిటికీ ఎట్ల తీస్తవ్?"

"ఆ మొదటి మాట ఇంకొక్కసారి అనుండ్రి పెద్దమామా. వీళ్ళు కూడ ఇంటరు."

ఆయన ఇంకా నవ్వుతూనే, "రెక్క రాకుంటే నాకేం పనిలేదు" అన్నాడు.

సలాకలు చౌకట్టు నడుమ ఉన్నాయి. రెక్కలు ఇప్పుడు సలాకలకు బయట ఉన్నాయి. వాటిని ఊడదీసి లోపలివైపు బిగిస్తే గదిలోకే తెరుచుకుంటాయి. చెప్పడానికి అంతే. బందుల మరలు తుప్పుపట్టి ఉన్నాయి. కిరసనాయిలు చుక్కలు వేసి ఒక పూటంతా నాననిచ్చాను. సలాకల్లోంచి చెయ్యి చాపి ఒక్కొక్క మర తిప్పుతుంటే, ఆఖరిది ఊడేముందు రెక్క బరువంతా అటువైపు ఒరిగింది. కింద పడితే పగిలేదే. అంతలో అటునుంచి రెండు చేతులు వచ్చి పట్టుకున్నాయి. పెద్దమామ భార్య, మా పెద్దత్త. చేతులకు ఇంకా పిండి ఉంది. మాటైనా ఆడకుండా రెక్కను దించింది. రెండోదీ పట్టింది. రెండింటినీ తన ఇంట్లోంచి మోసుకొచ్చి మా గడపలో ఆనించి పోయింది.

లోపల బిగించేటప్పుడు మొదటిసారి తప్పు చేశాను. ఒక రెక్క వేలెడు కిందికి వచ్చి గడియ కలవలేదు. మళ్ళీ విప్పాను. వదులైన పాత గుంతల్లో అగ్గిపుల్లలు కొట్టి మరలు బిగించాను. రెక్క అంచులకు సుద్దముక్క రుద్ది మూసి తెరిచాను. ఎక్కడ సుద్ద చెరిగితే అక్కడ తగులుతున్నట్టు లెక్క. అక్కడ మాత్రమే రంద పట్టాను. చివరికి అంచులకు కొవ్వొత్తి రుద్దాను.

పెద్దమామ వాకిట్లోంచి అంతా చూస్తూనే ఉన్నాడు. "మీ ఇంట్ల మగోళ్ళు లేరా?"

"ఉన్నరు పెద్దమామా. ఈ పనికి అక్కరపడలే."

తెల్లారి చూస్తే కిటికీకి అటువైపు ఒక ఇనుప రేకు నిలబెట్టి ఉంది. నేను లేవబోయాను. అత్త నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. మూలనున్న కర్ర తీసుకుని, సలాకల్లోంచి పెట్టి ఒక్క పోటు పొడిచింది. రేకు వాకిట్లో పడి గల్లీ అంతా మోగింది. మర్నాడు ఆయన మళ్ళీ నిలబెట్టాడు, ఆమె మళ్ళీ పడగొట్టింది. ఇలా ఆరు రోజులు. ఏడో రోజు గల్లీలో ఎవరో, "పెద్దయ్యా, ఇయ్యాల రేకు మోగలేదేం?" అని అడిగారట. తర్వాత రేకు కనబడలేదు. ఈ ఇంటికి వచ్చాక అత్త నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

దగ్గు పూర్తిగా పోలేదు. ఎన్నో ఏళ్ళ తంబాకు అది. కానీ మధ్యాహ్నం బల్బు ఆర్పేసి కూర్చునేది. గాలికి ఆకు ఎగురుతోందని తిట్టుకునేది.

పెద్దమామ మాతో మాట్లాడటం మానేశాడు. మేమూ బతిమాలలేదు. మూడేళ్ళ తర్వాత ఒక వానాకాలం పగలు పెద్దత్త మా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. "పిల్లా, మా అర్ర కిటికీ కింద గోడంత తడుస్తుంది. ఏంది సంగతి?"

నేను చెప్పులు వేసుకోబోయి, బాపు మాట గుర్తొచ్చి ఆగాను. "ఒక చెంబెడు నీళ్ళు కిటికీ అడుగుగట్టు మీద పొయ్యి. ఎటు పోతయో చూసి రా."

వెళ్ళి చూసి వచ్చింది. "లోపటికే వస్తున్నయ్."

"అయితే గట్టు వాలు లోపటికుంది. సిమెంటు కొంచెం కలిపి లోపటిదిక్కు ఎత్తుగ, బయటిదిక్కు పల్లంగ రుద్దు. చౌకట్టుకు గోడకు నడుమ సందు ఉంటే అది కూడ నింపు."

"నేనా?"

"నీకు చేతులు లేవా పెద్దత్తా? నా రెక్కలు పట్టింది ఎవలు?"

వాన తెరిపిచ్చాక ఆమె మొదలుపెట్టింది. వాకిట్లోకే ఉన్న కిటికీ కాబట్టి నాకు కనబడుతూనే ఉంది. నేను ఇక్కడినుంచి చెబుతుంటే ఆమె అక్కడ రుద్దుతోంది. అంతలో పెద్దమామ వచ్చి, మోచేతుల దాకా సిమెంటున్న భార్యను చూశాడు.

"ఏం చేస్తున్నవ్?"

"కనబడ్తలేదా?" అంది పెద్దత్త. ఆయన నిలబడే ఉన్నాడు. ఆమె నావైపు తిరిగి గట్టిగా అడిగింది, "ఇప్పుడు నీళ్ళు పోసి చూడాల్నా?"

"ఇయ్యాల వద్దు. ఆరనియ్యి, రేపు పొయ్యి" అన్నాను.