పేర్లు తీసేసిన వేలం

నా నాణేల వేలం వెబ్‌సైటును నేను పగతోనే కట్టాను. చదువుకున్న పిల్ల ఏదో కొత్త వ్యాపారం పెట్టిందని ప్రొద్దుటూరులో అందరూ మెచ్చుకున్నారు. నేనూ కాదనలేదు.

మా నాయన రాగి, ఇత్తడి పాత్రలకు కళాయి పూసేవాడు. రాజుపాలెం నుంచి సింహాద్రిపురం దాకా సైకిల్ మీద ఊళ్ళు తిరిగేవాడు. కూలికి బదులు ఎవరైనా పాత కాసులు ఇస్తే సంతోషంగా తెచ్చుకునేవాడు. అలా దొరికినవే ఏనుగు బొమ్మ ఉన్న రాగి కాసులు రెండు. ఆ రకం చాలా అరుదు.

నా కాలేజీ ఫీజు కోసం అందులో ఒకటి అమ్మాలనుకున్నాడు. నాణేలు సేకరించేవాళ్ళు ఆదివారాలు కూడే మేడగదికి నన్ను వెంటబెట్టుకుని పోయాడు. కాసును వేలానికి పెడితే మొదట పాడింది ఒక బంగారు వ్యాపారి, జమ్మలమడుగు నాయకుడి మనిషి. యాభై రూపాయలన్నాడు. ఇంకెవరూ నోరు విప్పలేదు. ఫ్యాక్షన్ రోజులవి. సారా పాటైనా సంత పాటైనా నాయకుడి మనిషి పాడాక పైన పాడటమంటే కొరివితో తల గోక్కోవడమే. "ఇంకెవురన్నా పాడతారా అప్పా?" అని నాయన మూడుసార్లు అడిగాడు. అందరూ నేలచూపులు చూశారు. వ్యాపారి మాత్రం నవ్వాడు. నాయన కాసు ఇచ్చేసి మెట్లు దిగాడు, మళ్ళీ ఎప్పుడూ ఆ మేడ ఎక్కలేదు.

ఏళ్ళ తర్వాత సైటు మొదలుపెట్టినప్పుడు నేనొక తెలివితక్కువ పని చేశాను. ఎవరు ఎంత పాడారో పేరుతో సహా కనిపించేలా పెట్టాను. దాపరికం లేకపోతే మోసం ఉండదనుకున్నాను. వ్యాపారి పేరు తెర మీద పడగానే పులివెందుల దాకా అందరూ గమ్మునైపోయారు. ఆ మేడగదినే మళ్ళీ నా చేతులతో కట్టినందుకు ఏడుపొచ్చింది. వారం తిరక్కముందే పేర్లు తీసేసి అంకెలు మాత్రం ఉంచాను. పాట ముగిశాక పేర్లన్నీ చూపిస్తామని నిబంధనల్లో రాశాను. వాటిని ఎవరూ చదవరని తెలుసు.

అప్పుడు నాయన దగ్గర మిగిలిన రెండో కాసును వేలానికి పెట్టాను.

జత దొరుకుతుందని వ్యాపారి ఎగబడ్డాడు. ఈసారి ఎదురుపాట ఆగలేదు. పైన పాడేది ఎదుటి పార్టీవాడే అని అతను తేల్చేసుకున్నాడు. నాకు ఫోన్ చేసి, "ఎవుడమ్మా వాడు? ఎంతకైనా పాడతా గానీ వానికి మాత్రం పోనియ్యను" అన్నాడు. వాడెవడో నా తెర మీద కనబడుతూనే ఉంది.

"పాడు మామా" అన్నాను.

గెలిచాడు. పేర్లు బయటపడ్డాయి. చివరిదాకా ఎదురు పాడింది జమ్మలమడుగులో ఉన్న అతని నాయకుడే.

గంటలో వ్యాపారి నా ఆఫీసుకు వచ్చాడు. "పెద్దాయన చూడకముందే నా పేరు తీసెయ్యమ్మా. ఆయప్ప మీద నేను పాడినానని తెలిస్తే ఈ ఊర్లో ఉండనిస్తారా నన్ను?" అన్నాడు.

"నిబంధన మామా, నా చేతిలో లేదు" అన్నాను. అబద్ధం. ఒక్క నొక్కుతో పోయేది. కాసులు రెండూ పట్టుకుపోయి నాయకుడి చేతిలో ఊరికే పెట్టి దండం పెట్టి వచ్చాడని తర్వాత విన్నాను. ఆ రోజు నేను అడిగి మరీ రెండోసారి అన్నం వడ్డించుకున్నాను.

నాయనకు చెబితే వ్యాపారి సంగతి అడగనే లేదు. "ఎవురెవురు పాడినారో సదువు" అన్నాడు. చదివాను. నాలుగు పేర్ల దగ్గర చెయ్యెత్తి ఆపాడు. ఆ నలుగురూ మేడగదిలో ఆయన ఎదురుగా కూర్చున్నవాళ్ళే.

"ఈళ్ళకు ఆ పొద్దే తెలుసమ్మా, దాని ఇలువ ఎంతనో" అన్నాడు.

ఇన్నాళ్ళూ నా పగ ఆ ఒక్కడి మీదే అనుకున్నాను. నాయన పక్కనే కూర్చుని సైటులో ఆ నలుగురి ఖాతాలూ ఒక్కొక్కటిగా మూసేశాను.