అద్దె కట్టిన సొంత గది

వెర్నా అమెరికాలో ఊరూరా తిరిగే నర్సు. మూడు నెలలకో ఆసుపత్రి, ఇరుకు మోటల్ గది. సొంత ఊళ్లో అద్దె కట్టే ఇల్లున్నట్టు చూపిస్తేనే జీతంతో పాటిచ్చే బస భత్యం మీద పన్ను పడదు. అందుకే ఆర్కన్సాలో చెల్లెలు డార్లా ఇంట్లో ఓ గదికి నెలనెలా అద్దె పంపేది.

ఈసారి ఆసుపత్రివాళ్లు ఒప్పందం మధ్యలోనే తెంచేశారు. వెర్నా చెప్పాపెట్టకుండా చెల్లెలి ఇంటికొచ్చి గది తలుపు తీసింది. తన మంచం మీద ఎవరో అమ్మాయి, నర్సు దుస్తుల్లోనే ఆదమరిచి నిద్రపోతోంది.

"మన ఊరి ఆసుపత్రికి మూడు నెలల పనికొచ్చిందక్కా," నసిగింది డార్లా. "గది ఖాళీయే కదా అని..."

"ఇద్దరి దగ్గరా అద్దె, రెండు చేతులా గుంజుతున్నావన్నమాట."

"నువ్వెప్పుడైనా పడుకున్నావా అందులో?"

నైట్ డ్యూటీ చేసొచ్చిన పిల్ల లేస్తుందేమోనని వెర్నా తలుపు మెల్లగా మూసి, కారులోకెళ్లి సీటు వెనక్కి వాల్చుకుంది.