చీలమండ పైన పసుపు చుక్క

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని ఆటపట్టించడం నాకు సరదా. మండపేటలో లెక్కల టీచర్ని, రుజువు లేనిదేదీ ఒప్పుకోను. ఇది చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు మూత్రం ఆపుకోలేని జబ్బు పట్టుకుంది. పదో తరగతి పరీక్ష హాల్లో డ్యూటీలో ఉండగా బయటికి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి పిల్లల మధ్య చీటీలు చేతులు మారాయి.

"వచ్చే మార్చిలో కూడా ఇలాగే జరిగితే సస్పెండ్ చేస్తారండి, నా చేతుల్లో ఉండదు," అన్నారు హెడ్మాస్టరు గారు.

దసరా సెలవుల్లో కాకినాడ వెళ్తే, డాక్టరు గారు ఇంట్లో వాడుకోమని చిన్న కరెంటు మిషను ఇచ్చారు. ఇదివరకు ఎవరో వాడిందే. ఎడమ చీలమండకి పైన, లోపలివైపు ప్యాడ్లు అంటించుకుని రోజూ అరగంట కూర్చోవాలి. అక్కడి నరం జిల్లుమంటే మూత్రసంచి నెమ్మదిస్తుందట. బొటనవేలు కదిలితేనే సరైన చోట పడినట్టు.

జనవరి దాకా అంటించాను. వేలు ఒక్కరోజూ కదల్లేదు. మార్చి తలుచుకుంటే ఏడుపొచ్చేది.

ఒక శుక్రవారం స్కూలు నుంచి వచ్చి, గడియ పెట్టుకుని మిషను పెట్టుకున్నాను. ప్యాడ్లు తీస్తే కింద పచ్చగా పసుపు. మాది క్రైస్తవ కుటుంబం, కాళ్లకి పసుపు రాసుకోం. కూరలోది అంటుకుందేమోనని కడిగేశాను.

మరుసటి శుక్రవారం కాలు సబ్బుతో రెండుసార్లు కడిగి, కొత్త ప్యాడ్లు అంటించాను. అరగంటయ్యాక తీస్తే, ఈసారి పసుపు ప్యాడ్ల కింద లేదు. రెండు వేళ్లు పైన, ఎవరో వేలితో అద్దినట్టు ఒక్క చుక్క. ఇల్లంతా వెతికాను. ఎవరూ లేరు, తలుపు గడియ పెట్టినట్టే ఉంది.

ప్యాడ్ తీసుకుని ఆ చుక్క మీద అంటించి, మిషను ఆన్ చేశాను. బొటనవేలు టక్కున కదిలింది.

మార్చిలో మూడు గంటలూ హాల్లోనే ఉన్నాను.

సెలవుల్లో మిషను తిరిగివ్వడానికి వెళ్తే నర్సు ప్యాడ్లు తిప్పి చూసి నవ్వింది.

"మీరు నయమండి. ముందు వాడినావిడ శుక్రవారం వస్తే పసుపు రాసుకున్న కాళ్లకే ప్యాడ్లు అంటించేసేవారు. అంటుకుంటేగా! ఎంత చెప్పినా వినేవారు కాదు."

"ఆవిడకి తగ్గిందాండి?"

"లేదండీ. ఎన్నాళ్లకో సరైన చోటు దొరికిందని సంబరపడి, మర్చిపోకుండా అక్కడ పసుపుతో చుక్క పెట్టుకున్నారంట. ఆ వారమే గుండె ఆగి పోయారు."

ఎన్ని రకాలుగా లెక్కేసినా నాకిప్పటికీ అంతుపట్టదు. ఆవిడ పేరైనా అడగకుండా బస్సెక్కేశాను. ఆ ఒక్కటీ అడిగి ఉండాల్సింది.