ఊక గుట్టల సెగ

ఏలూరులో ఫిజిక్సు లెక్చరర్నని నాకు కాస్త తలపొగరు ఉండేది. ఉండేదేమిటి, ఇప్పుడూ ఉంది. నాలుగేళ్ళ కిందట కొల్లేరు లంకలో ఒక హైస్కూలు వాళ్ళు సైన్సు గురించి పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పమంటే, ప్రొజెక్టరు పట్టుకుని బయల్దేరాను.

దూరపు గెలాక్సీల గురించి మొదలుపెట్టాను. కొన్నిటి నిండా ధూళి ఉంటుంది. లోపల పుట్టే నక్షత్రాల వెలుగును ఆ ధూళి మింగేసి, వేడెక్కి, కంటికి ఆనని దూర పరారుణ కాంతిగా బయటికి వదులుతుంది. అలాంటి గెలాక్సీలన్నిటి కాంతీ కలిసి ఆకాశమంతటా పల్చగా పరుచుకుని ఉంటుంది. విషయం ఇంతే. దీన్ని నేను ‘దూర పరారుణ నేపథ్య వికిరణం’ అంటూ అరగంట సాగదీశాను. పిల్లలు గుడ్లప్పగించి చూశారు. చెప్పలేకపోయింది నేను, చిరాకు వచ్చింది మాత్రం వాళ్ళమీద!

మధ్యాహ్న భోజనం వండే ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటోంది. "ఏవండీ, ఒక మాట అడగనాండీ?" అంది. "నేను ఇదివరకు తాడేపల్లిగూడెంలో రైసుమిల్లులో పనిచేసేదాన్నండీ. మిల్లు వెనక ఊక గుట్టలు లోలోపల రాజుకుంటాయండీ. పైకి మంట కనపడదు, సెగ మాత్రం తగుల్తుంది. అన్నిటి సెగా కలిసిపోయి దొడ్డంతా వెచ్చగా ఉంటుందండీ. ఏ గుట్టది ఎంతో చెప్పలేం. మీరు చెప్పేది ఇలాంటిదేనాండీ?"

అక్షరాలా అదే. వెనక బెంచీల పిల్లలు కూడా తలలూపారు. దాంతో నాకు ఒళ్ళు మండింది.

"మనం మాట్లాడుకుంటున్నది విశ్వం గురించమ్మా, ఊక గురించి కాదు," అన్నాను. హాలంతా గొల్లున నవ్వింది. ఆవిడ కూడా నవ్వేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటపాకలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత చేసిన పని ఇంకా సిగ్గుమాలినది. ఒక పత్రిక ఆదివారం సంచికకు ఇదే విషయం మీద వ్యాసం రాస్తూ, ఆవిడ ఊక గుట్టల్ని ఎత్తుకొచ్చి పెట్టేసుకున్నాను, సెగ అన్న మాటతో సహా. "ఎంత చక్కటి పోలికండీ, ఎలా తట్టింది మీకు?" అని తోటి లెక్చరర్లు అడిగితే, "ఏదో అలా వచ్చేసిందండీ" అనేవాణ్ణి. ఛీ, ఇప్పుడు తల్చుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

కిందటేడు అదే స్కూలు మళ్ళీ పిలిచింది. ఆవిడకు క్షమాపణ చెప్పుకుందామనే ఒప్పుకున్నాను. దారిపొడవునా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. స్టాఫ్‌రూములోకి టీ తెచ్చింది ఆవిడే. నన్ను చూసి సంబరపడిపోయింది.

"మీరు పేపర్లో రాసింది మా అమ్మాయి చదివి వినిపించిందండీ. నేనన్నదే మీరూ రాశారని ఎంత సంతోషం వేసిందో! అప్పటి టీచర్లందరూ బదిలీ అయిపోయారండీ. ఆ మాట ముందు నేనే అన్నానంటే ఈ కొత్తవాళ్ళు నమ్మట్లేదు, నవ్వుతున్నారు. అన్నాను కదండీ? మీరు చెప్పండి."

అక్కడున్న ముగ్గురు టీచర్లూ నావైపు తిరిగారు. ఒకాయనైతే అప్పటికే మూతి బిగించి నవ్వాపుకుంటున్నాడు. ‘అవునమ్మా, నువ్వే అన్నావు’ అనాలి. అంతే, అంతకంటే ఒక్క ముక్క కూడా అక్కర్లేదు.

"నాకు గుర్తు లేదమ్మా," అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత ఆ టీచర్లవైపు తిరిగి, "పాపం ఎన్ని ఊళ్ళు తిరుగుతారోనండీ, ఎన్నని గుర్తుంటాయి!" అని నా తరఫున తనే సర్దిచెప్పింది. నిజంగా మరిచిపోయినవాడిలా నేను తలూపాను.