ఏలేవారి కోసం ప్రార్థన

ప్రతి ఆదివారం ఆరాధనలో దేశాన్ని ఏలేవారి కోసం ప్రార్థించే పని సంఘపెద్ద టైలరు తాతది. లేవగానే కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంటాడు. మిషను తొక్కీ తొక్కీ అరిగిన మోకాలి మీద ఒక చెయ్యి, ముందు బెంచీ మీద ఇంకో చెయ్యి ఆనిస్తాడు. ఏలేవారికి న్యాయబుద్ధి ఇమ్మంటాడే తప్ప ఎవరి పేరూ ఎత్తడు. పేరెత్తితే ప్రార్థన కాస్తా ప్రచారమవుతుందని ఆయన పట్టు. అందుకే ఎన్నికలొచ్చాయంటే ఆయనకు ఒళ్లు మండుతుంది.

ఈ వారం పాస్టరుగారు వేదిక మీద, తన పక్కనే మెత్తటి కుర్చీ వేయించి మంత్రిని కూర్చోబెట్టారు. "తాతగారూ, ఇవాళ మంత్రిగారి పేరు పెట్టి ప్రార్థించండి. మన చర్చికి ప్రహరీగోడ కట్టిస్తామన్నారు" అని తాత చెవిలో చెప్పారు. తాత పళ్లు నూరుకుంటూ లేచాడు.

"ప్రభువా, ఓట్ల కోసం నీ గడప తొక్కేవాళ్లకి సిగ్గు నేర్పు. గోడ ఆశ చూపిస్తే నోరు మూసుకునే మాకూ నేర్పు."

చర్చిలో మూసుకున్న కళ్లన్నీ తెరుచుకున్నాయి. మంత్రి మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి, మైకు అక్కర్లేనంత గట్టిగా "ఆమెన్" అన్నాడు. ఆ వెనకే సంఘమంతా అంది.

బయటికొచ్చాక పాస్టరుగారు తాత చెయ్యి పట్టుకుని ఊపేశారు. "గోడ ఖాయమండీ. మీ ప్రార్థన ఆయనకి తెగ నచ్చింది."

దారిలో తాత భార్య నెమ్మదిగా అంది: "ఏమండీ, తననే అన్నారని పాపం ఆయనకి అర్థం కాలేదేమో."

"అయ్యింది" అన్నాడు తాత. "అందుకే అంత గట్టిగా అన్నాడు."