పదమూడు లేని టవర్

పదవీ విరమణకు ఆరేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో, నానక్‌రామ్‌గూడలోని ఒక ఆఫీసు టవర్‌కు లిఫ్టుల వార్షిక తనిఖీ కోసం వెళ్ళాను. అప్పటికి నేను సీనియర్ సర్వీస్ ఇంజనీరుని. శేరిలింగంపల్లి వైపు మా కంపెనీ బిగించిన లిఫ్టులన్నీ నా అజమాయిషీలో ఉండేవి. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. జరిగినదానికి బాధ్యుణ్ణి నేను.

ఆ టవర్ గురించి ముందు ఒక సంగతి చెప్పాలి. మన ఐటీ కారిడార్‌లో చాలా మేడలకు రెండు లెక్కలుంటాయి. ఒకటి మేస్త్రీలు స్లాబు మీద స్లాబు వేసుకుంటూ పోయిన లెక్క. రెండోది లిఫ్టు బటన్ల మీద కనిపించే లెక్క. ఈ రెండూ కలిసే మేడలు నేను చూసినవాటిలో తక్కువే. కింద రెండు మూడు అంతస్తులు పార్కింగ్‌కి పోతాయి, వాటికి అంకె ఉండదు, అక్షరం ఉంటుంది. ఆ పైన ఎక్కడో ఒకటో అంతస్తు మొదలవుతుంది. తర్వాత అచ్చిరాని అంకెలు తీసేస్తారు. ఈ టవర్‌లో అద్దెకొచ్చిన విదేశీ కంపెనీ పదమూడు వద్దంది. ప్రారంభోత్సవం వారం ఉందనగా ఓనరుగారి సంఖ్యాశాస్త్రం పండితుడు ఎనిమిది కూడా వద్దన్నాడు. అలా ఏడు తర్వాత తొమ్మిది, పన్నెండు తర్వాత పద్నాలుగు వచ్చాయి. తమాషా ఏమిటంటే, గ్రౌండు, రెండు పార్కింగ్‌లూ కలిపి లెక్కపెడితే నేలనుంచి సరిగ్గా పదమూడోది అయిన అంతస్తుకి పదకొండు అని పేరు. అక్కడ కూర్చున్న వాళ్ళెవరికీ ఆ సంగతి తెలియదు.

లిఫ్టుకి మాత్రం తెలుసు. పైన మెషీన్ రూమ్‌లో ఉండే కంట్రోల్ ప్యానెల్‌కి పండితుడితో పని లేదు. అది కిందనుంచి ఆగే చోట్లను ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటుంది. ప్రయాణికులకు కనిపించే అంకె వేరే పట్టికలోంచి వస్తుంది. అందుకని పేర్లు మార్చిన ప్రతి టవర్‌లోనూ ప్యానెల్ తలుపు మీద ఒక చార్ట్ అతికించాలని మా నియమం. ప్యానెల్ అంకె ఇది అయితే అంతస్తు పేరు ఇది అని అందులో ఉంటుంది. ఆ టవర్‌లో లిఫ్టులు ప్రారంభించినప్పుడు ఇన్‌చార్జి నేనే. పేర్లు రెండుసార్లు మారాయి, బటన్లు రెండుసార్లు మార్పించాను. చార్ట్ తర్వాత చేద్దాం అనుకున్నాను. అప్పగింత పత్రంలో చార్ట్ ఎదురుగా టిక్ పెట్టి సంతకం చేశాను. రెండేళ్ళు గడిచినా ఆ చార్ట్ తయారు కాలేదు.

ఆ రోజు నాతో వచ్చినవాడు యాదగిరి. ముప్పై అయిదేళ్ళుంటాయి, మా టెక్నీషియన్లలో చేయి తిరిగినవాడు. ఆ టవర్ అతనిది కాదు. దాన్ని చూసే మనిషి సెలవులో ఉంటే అతన్ని పిలిపించాను. పొద్దున ఇద్దరం మెషీన్ రూమ్‌లో గంటసేపు బ్రేకులు, రోప్‌లు చూశాం. పదకొండు గంటలు దాటాక అతను లాబీలో తలుపులు చూడ్డానికి కిందికి దిగాడు.

అప్పుడే సర్వీసు లిఫ్టు ఆగిపోయింది. లోపల మేరీ అనే హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ చిక్కుకుంది. ఇంటర్‌కమ్‌లో ఆమె గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. లైటు పోయిందనీ, ఊపిరి ఆడటం లేదనీ, తను ఏ అంతస్తులో ఉందో తెలియడం లేదనీ చెబుతోంది. గాలికి లోటు ఉండదని మాకు తెలుసు. చీకట్లో ఒంటరిగా ఉన్న మనిషికి ఆ మాట ఎక్కదు.

ఇలాంటప్పుడు చేయాల్సింది వరసగా రాసి ఉంటుంది. మెషీన్ రూమ్‌లో ఉన్నవాడు మోటారుకి కరెంటు కట్టేసి, లిఫ్టు క్యాబిన్ ఎక్కడుందో ప్యానెల్‌లో చూసి చెప్పాలి. కింద ఉన్నవాడు ఆ అంతస్తుకి పోయి, త్రికోణం బెజ్జంలో పట్టే తాళంచెవితో బయటి తలుపు బెత్తెడు తెరిచి, టార్చి వేసి, క్యాబిన్ నిజంగా అక్కడ ఉందో లేదో చూడాలి. చూశానని అతను చెప్పిన తర్వాతే మిగతా పని. ఆ బయటి తలుపులకు స్ప్రింగు ఉంటుంది. వదిలేస్తే వాటంతటవే మూసుకుంటాయి.

కరెంటు కట్టేశాను. ప్యానెల్ మీద పదమూడు కనిపించింది. వాకీటాకీలో యాదగిరి అడిగాడు.

"ఎంత సార్?"

"పదమూడు," అన్నాను.

"పదమూడు లేదు గదా సార్ ఈడ. పన్నెండు అయినంక పద్నాలుగే ఉంది."

ఆ క్షణాన నాకు తట్టాలి. ఆ బటన్లు మార్పించింది నేనే. కానీ నా రెండో చెవి దగ్గర ఫోను ఉంది. టవర్ మేనేజర్ గారు, ఇంకా ఎంతసేపండీ, మా వాళ్ళంతా లాబీలో నిలబడ్డారండీ అంటున్నారు. యాదగిరి ఏమన్నాడో విన్నాను, దాని అర్థం పట్టించుకోలేదు.

"అదే, ఆ మధ్యలో చూడు," అన్నాను.

పన్నెండుకీ పద్నాలుగుకీ మధ్య క్యాబిన్ ఇరుక్కుందని అతను అర్థం చేసుకున్నాడు. నా మాటకు ఇంకో అర్థం లేదు. పద్నాలుగుకి పోయి తలుపు తెరిచాడు. క్యాబిన్ కప్పు తన కాళ్ళకి రెండు మూడడుగుల కింద ఉంటుందని నమ్మి, ఎంత లోతుందో చూడ్డానికి ఒంగాడు. స్ప్రింగు తలుపు అతని భుజాన్ని తోసింది. క్యాబిన్ కప్పు రెండు అంతస్తుల కింద, పదకొండు దగ్గర ఉంది.

మెషీన్ రూమ్‌లోకి అతను పడిన చప్పుడు రోప్‌ల గుండా వచ్చింది. వాకీటాకీలో మూడుసార్లు పిలిచాను. తర్వాత ఇంటర్‌కమ్‌లో మేరీ గొంతు వచ్చింది. "సార్, పైన ఎవరో పడ్డరు. మూలుగుతున్నరు సార్." అప్పటినుంచి ఆమె తన భయం మాట ఎత్తలేదు. నేనూ టవర్ సిబ్బందీ వెళ్ళి ఇద్దర్నీ బయటికి తీసేదాకా కప్పు కిందనుంచి అతనితో మాట్లాడుతూనే ఉంది. నీ పేరేంది అన్నా, నిద్రపోకు, పిల్లలెంతమంది అని అడుగుతూ ఉంది.

తుంటి ఎముక విరిగింది. ఎడమ మడమ నుజ్జయింది. ప్రాణానికి భయం లేదని డాక్టర్లు మధ్యాహ్నానికి చెప్పారు.

ఆ తర్వాత నేను చేసినవి వరసగా చెబుతాను. అంబులెన్సు వెళ్ళిన గంటకి కింద ఆఫీసులో ఒక కంప్యూటర్ అడిగి తీసుకుని, చార్ట్ టైపు చేసి, ప్రింటు తీసి, మెషీన్ రూమ్‌లో ప్యానెల్ తలుపు మీద అతికించాను. కాగితం కొత్తగా కనబడకుండా దానిమీద చేతికంటిన గ్రీజు కొద్దిగా రాశాను. మర్నాడు తనిఖీ అధికారి వచ్చేసరికి అది అక్కడే రెండేళ్ళుగా ఉన్నట్టుంది. ఆయన దాన్ని చూసి తన ఫారంలో రాసుకున్నారు. ఏ అంకె చెప్పారని అడిగితే, పదకొండు అని చెప్పానన్నాను.

ఆయన దవాఖానాకి వెళ్ళి యాదగిరి వాంగ్మూలం తీసుకుంటారని తెలుసు. అందుకని ముందే నేను వెళ్ళాను. కాలికి బరువు కట్టి ఉంది, మందుల మత్తులో ఉన్నాడు. మంచం పక్కన అతని భార్య సుజాత ఉంటే, టీ తెచ్చిపెట్టమ్మా అని బయటికి పంపాను.

"ప్యానెల్ మీద చార్ట్ ఉంది యాదగిరీ," అన్నాను. "అది చూసి నేను పదకొండు అన్నాను. హడావిడిలో నువ్వు పదమూడు అని విన్నట్టున్నావు. రెండూ ఒకలాగే మొదలవుతాయి కదా."

అతను నావైపు తల తిప్పాడు.

"చార్ట్ ఉందా సార్?"

"ఉంది."

"అయితే గట్లనే విన్నట్టున్న సార్," అని మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

నా నివేదికలో, క్యాబిన్ స్థానం నిర్ధారించుకోకుండా టెక్నీషియన్ షాఫ్ట్‌లోకి ఒంగినందువల్ల ప్రమాదం అని రాశాను. ఆ వాక్యంలో అబద్ధం లేదు. అతను టార్చి వేసి చూసుకోవాల్సిందే. ఆ నిజం వెనక నేను దాక్కున్నాను. వైద్యం ఖర్చు కంపెనీ పెట్టుకుంది కానీ అతన్ని ఫీల్డు పని నుంచి తప్పించి స్టోర్స్‌లో కూర్చోబెట్టారు. కుంటుతూ నడిచేవాడు. రెండేళ్ళకి ఉద్యోగం మానేశాడు.

ఇంకోటి కూడా ఉంది. కొత్తగా చేరేవాళ్ళకి ఏటా భద్రతా తరగతులు నేనే చెప్పేవాణ్ణి. ఈ ప్రమాదాన్ని ఉదాహరణగా పెట్టమని పైనుంచి చెప్పారు. ఒక టెక్నీషియన్ చూసుకోకుండా ఒంగాడు అని బోర్డు మీద బొమ్మ గీసి అయిదేళ్ళు చెప్పాను. మొదటి ఏడాది ఆ మాట బోర్డువైపు తిరిగి చెప్పాను. తర్వాత కొత్తవాళ్ళ మొహాలు చూస్తూనే చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే చార్ట్ అతికించినదానికంటే దానికే ఎక్కువ సిగ్గుపడతాను.

రిటైరైన నాలుగో నెలలో యాదగిరి ఇల్లు వెతుక్కుంటూ శేరిలింగంపల్లి వెళ్ళాను. ఇంటి ముందు గదిలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తున్నాడు. లేవబోతే వద్దన్నాను. స్టూలు మీద కూర్చుని, నేను ఆ రోజు పదమూడనే చెప్పానని, చార్ట్ ఆ మధ్యాహ్నమే అతికించానని చెప్పాను. చేతిలో ఉన్న మోటారు పక్కన పెట్టాడు.

"నాకు తెలుసు సార్. ఆ పొద్దున ప్యానెల్ తలుపు బట్టతోని తుడిచింది నేనే. దానిమీద ఏం లేకుండె."

"మరి ఆఫీసర్‌కి ఎందుకు చెప్పలేదు?"

"మీరు ఉందన్నరు. మీరు అన్నంక నేను లేదంటే నౌకరి ఉంటదా? పిల్లలు చిన్నోళ్ళు." మోటారు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "మీరే చెప్తరని చూసిన. స్టోర్స్‌ల ఉన్నన్ని రోజులు చూసిన. ఇగ తర్వాత ఇడ్సిపెట్టిన."

అతనే మళ్ళీ అన్నాడు. "నాకు చెప్పి ఫాయిదా లేదు సార్. మా సుజాతకు చెప్పున్రి. నీ అజాగ్రత్తతోనే అయిందని ఇన్నేండ్లు అంటనే ఉంది. నేను ఎన్నడు చెప్పలే."

ఆమెను పిలిచాడు. వంటింటి గుమ్మంలో నిలబడింది. మొదటినుంచి చివరిదాకా, ఆమెను టీకి పంపిన సంగతితో సహా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. భర్తవైపు తిరిగి, "నాకన్న చెప్పకపోతివి," అంది. తర్వాత నాతో, "ఇప్పుడెందుకొచ్చిన్రు సార్? మీ నౌకరి అయిపోయినంకనా?" అని అడిగింది. అవునమ్మా అన్నాను. అంతకంటే నిజమైన జవాబు నా దగ్గర లేదు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

జరిగింది జరిగినట్టు రాసి సంతకం చేసి కంపెనీకీ, తనిఖీ కార్యాలయానికీ పంపాను. ఒక నకలు యాదగిరికి ఇచ్చాను. తరగతుల్లో ఆ ఉదాహరణ మార్చారని తర్వాత తెలిసింది. ఇంకేమీ జరగలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే రెండు విషయాలు రాస్తున్నాను. వాకీటాకీలో అంతస్తు అంకె ఒక్కటే చెప్పకండి, తలుపు పక్క గోడమీద ఏం రాసుందో అవతలివాణ్ణి చదివి వినిపించమనండి. ఏదైనా జరిగితే, ఇంకే వస్తువునూ ముట్టుకోకముందే మీ నోటినుంచి వచ్చిన మాటలు కాగితం మీద పెట్టండి. నేను ఆ రోజు రెండూ చేయలేదు. మొదటిదానికి తొందర కారణం. రెండోది తెలిసే మానేశాను.