తడవకూడని చెయ్యి

మా మామయ్య గురించి వీధిలో ఒక కథ తిరుగుతోంది. అత్తయ్య కుడిచెయ్యి చచ్చుబడిపోయిందట. పెద్ద డాక్టర్లు కోసి తీరాలన్నారట. మామయ్య వాళ్లందరినీ పక్కకు తప్పుకోమని, అరచేతిలో ఒక్క చోట తన బొటనవేలు ఆనించి నొక్కాడట. నొక్కగా నొక్కగా ఒకరోజు పొద్దున్నే ఆ చెయ్యి లేచి సూదిలో దారం ఎక్కించిందట. ఈ కథ మామయ్య తన నోటితో చెప్పడు. చెప్పేవాళ్ల పక్కన కూర్చుని, ఎవరైనా ఒక ముక్క మర్చిపోతే అందిస్తాడు, అంతే.

మామయ్య దర్జీ. ముందుగది దుకాణం, వెనక గదీ వంటిల్లూ కాపురం. కొలతలు, కత్తిరింపు, మిషను ఆయనవి. కాజాలు, గుండీలు, అంచులు మడిచి కుట్టడం, అంటే చేత్తో చేసే పనంతా అత్తయ్యది. చదువు మధ్యలో ఆగిపోయాక నేను హుక్కులు కుట్టడానికి వాళ్ల దగ్గర చేరాను. గుమ్మం పక్కన పీట నాది. అక్కణ్ణుంచి ముందుగది, వంటిల్లు రెండూ కనిపిస్తాయి. ఎక్కువ మాట్లాడని వాళ్లకు మంచి చోటు.

ఎవరో ప్యాంటు నడుము బిగించమని ఇచ్చి, జేబులో ఆక్యుప్రెషర్ పుస్తకం మర్చిపోయారు. ప్యాంటు కోసం తిరిగి వచ్చేసరికి మామయ్య సగం డాక్టరైపోయాడు. తలనొప్పికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ, వికారానికి మణికట్టు లోపలివైపు, ఇలా ఎక్కడ నొక్కితే ఏది తగ్గుతుందో అందులో బొమ్మలున్నాయి. వాటిని చూసి కాన్వాసు గుడ్డ మీద రెండు చేతుల బొమ్మ తయారుచేసి గోడకు తగిలించాడు. తయారుచేసిన తీరు మాత్రం అచ్చం దర్జీదే. చొక్కాకు ఒకవైపు సుద్దతో గుర్తు పెట్టి, గుడ్డ మడిచి తడితే రెండోవైపూ అదే గుర్తు పడుతుంది కదా, చేతుల్నీ అలాగే చేశాడు. పుస్తకంలో గుండె ఎడమ అరచేతిలోనే ఉంది, కాలేయం కుడి అరచేతిలోనే ఉంది. మామయ్య గుడ్డ మీద రెండూ రెండు చేతుల్లోనూ పడ్డాయి.

"మీ లెక్కన మనిషికి రెండు గుండెలన్నమాట," అంది అత్తయ్య.

"ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది. నీకేం కష్టం?"

"ఒక్కదానితోనే మీతో వేగలేక చస్తున్నా."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా పెరటి చెట్టు ఎవర్నీ వదలదు. కొలతలకు చేతులు చాచి నిలబడ్డ మనిషికి పారిపోయే దారి ఉండదు. టేపు ఇంకా భుజం మీద ఉండగానే మామయ్య చెయ్యి అందుకునేవాడు.

"నిద్ర పట్టడం లేదు కదూ?"

"బాగానే పడుతోందండీ."

"పడుతున్నట్టు అనిపిస్తుంది. అదే జబ్బు."

నొక్కగానే మనిషి కెవ్వుమనేవాడు. "చూశావా? నొప్పి ఎక్కడో రోగం అక్కడ!" అనేవాడు మామయ్య. అంత గట్టిగా నొక్కితే బల్లకైనా నొప్పి పుడుతుందని ఎవరూ అనలేదు. కొందరికి తలనొప్పి తగ్గిన మాట నిజం. చాలామంది తగ్గిందని చెప్పేవాళ్లు. చెయ్యి విడిపించుకోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు మరి. బేకరీ ఆయన పంటినొప్పికి కాలివేలు నొక్కించుకుని, కుంటుకుంటూ పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. అయినా మామయ్యకు బొటనవేలి డాక్టరని పేరు స్థిరపడిపోయింది. కొందరు గౌరవంగా అనేవాళ్లు. మామయ్యకు అందరూ గౌరవంగానే అంటున్నట్టు వినిపించేది.

బడి యూనిఫారాల ఆర్డరు వచ్చినప్పుడు అత్తయ్య కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. పట్టుకున్న సూది పట్టుకున్నట్టే జారిపోయేది. వంటింట్లో గ్లాసులు పడేవి. అత్తయ్య వేసిన కాజా చూసి పెద్ద దుకాణాల వాళ్లు కూడా బట్టలు పంపించేవాళ్లు. ముందుగదిలో కిటికీ పక్క కుర్చీ ఆమెకు ఆ చేతి వల్ల వచ్చిందే.

"కాజా వెయ్యలేకపోతే నన్ను ఇక్కడెందుకు కూర్చోనిస్తారే?" అంది ఒకరోజు నాతో, చెయ్యి విదిలించుకుంటూ. "వంటింట్లోకి పొమ్మంటారు. చెయ్యి పడిపోయినా గిన్నెలు మాత్రం తప్పవు."

డాక్టరు మాట ఎత్తితే మామయ్య మండిపడ్డాడు. "ఇంట్లో నేనుండగానా? వీధిలో తలెత్తుకోవద్దూ?" రోజూ అరచెయ్యి పట్టుకుని కాసేపు నొక్కేవాడు. నొక్కడం అవగానే, "ఇక వెళ్లు, గిన్నెలు అలాగే ఉన్నాయి," అనేవాడు. ఆ చెయ్యి గిన్నెలు తోమి, బట్టలు పిండి, మళ్లీ సూది పట్టుకునేది. తిమ్మిరి మోచేతి దాకా ఎగబాకింది.

దారం కొనాలని చెప్పి అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరమ్మ మణికట్టు మీద వేలితో తట్టి చూసింది.

"ఇక్కడ నరం నలిగిపోతోందమ్మా. ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదు. పడుకునేటప్పుడు ఈ పట్టీ కట్టుకోండి. కొన్ని వారాలు ఈ చేతికి పని చెప్పకండి. తోమడం, పిండటం, కుట్టడం ఏదీ వద్దు. తగ్గకపోతే మళ్లీ రండి, చూద్దాం."

"మరి పనులెవరు చేస్తారండీ?"

"ఇంట్లో ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు. ఆయనా డాక్టరే."

తిరిగి వచ్చేటప్పుడు అత్తయ్య దారాల కొట్టు ముందు ఆగి, తనలో తనే నవ్వుకుంది. "ఇంటికెళ్లాక నువ్వు నోరు విప్పకు," అంది. నాకు అదేమంత కష్టం కాదు.

మర్నాడు బడి హెడ్ మేడమ్ యూనిఫారాలు ఎంతవరకు వచ్చాయో చూడటానికి వచ్చింది. ఆవిడ కుర్చీలో కూర్చోగానే అత్తయ్య లోపలినుంచి వచ్చి మామయ్య ముందు చెయ్యి చాపింది.

"ఏవండీ, నిన్న మీరు నొక్కిన చోట జివ్వుమంది. మోచేతి దాకా కరెంటు పాకినట్టు."

"చెప్పానా!" మామయ్య మేడమ్ వైపు తిరిగాడు. "విన్నారా అండీ?"

"గిన్నెలు తోమగానే పోయింది. నీళ్లు తగిలితే కరెంటు దిగిపోతుందా ఏంటి?"

పుస్తకంలో నీళ్ల సంగతి ఎక్కడా లేదు. కానీ నలుగురిలో తెలియదనడం మామయ్యకు అలవాటు లేదు. "మరి? తడి తగలనిస్తావా ఎక్కడైనా? చుక్క కూడా తగలకూడదు."

"బట్టలు పిండితే?"

"నరం మెలి తిరిగిపోతుంది!"

"సూది పట్టుకోవచ్చా?"

మామయ్య యూనిఫారాల మూట వైపు చూశాడు. మేడమ్ మామయ్య వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఇనుము... ఇనుము అసలు తగలకూడదు. కరెంటంతా లాగేస్తుంది."

"అయ్యో, మరి కాజాలు?" అంది అత్తయ్య అమాయకంగా.

"డాక్టరుగారు చెప్పాక వినాలమ్మా," అంది మేడమ్. "టైలరుగారూ, మా బట్టలు మాత్రం ఆలస్యం కాకూడదు సుమా." ఈ మాటంతా వెళ్లి బడిలో చెప్పింది. ఇక వెనక్కి తీసుకునే వీలు లేకుండా పోయింది.

ఆ రోజు నుంచి వంటింటి గుమ్మానికి తెర వచ్చింది. తెర వెనక గిన్నెల చప్పుడు. కొలతలకు ఎవరైనా వస్తే మామయ్య చేతులు తుడుచుకుంటూ, "చెయ్యి శుభ్రంగా ఉండాలి, వైద్యం కదా," అంటూ బయటికి వచ్చేవాడు. ఆయన వేసిన కాజాలు ఏడుపు మొహాల్లా ఉండేవి. చాలావరకు నేను విప్పి మళ్లీ వేసేదాన్ని.

"ఇంకా తగ్గలేదూ?" అని అడిగేవాడు రోజూ.

"తగ్గుతోందండీ. నిన్న కాస్త తడి తగిలినట్టుంది, మళ్లీ మొదటికొచ్చింది."

"తడెందుకు తగిలింది? చెప్పానా లేదా?" అని కసిరి, ఆయనే వెళ్లి బట్టలు పిండేవాడు. మణికట్టు పట్టీ చూసి అదేమిటని అడిగితే, "మీ కరెంటు బయటికి పోకుండా," అంది అత్తయ్య. మామయ్య సంతోషించాడు. పిండి పిండి ఆయన బొటనవేలే వాచింది. గోడ మీది గుడ్డ చూసి ఎక్కడెక్కడో నొక్కుకున్నాడు, తగ్గలేదు. "నా చేతికి నేనే నొక్కుకుంటే పట్టదు," అన్నాడు. అత్తయ్య నొక్కుతానంది గానీ, ఆ చేతికి పని చెప్పకూడదని ఆయనే అన్నాడు.

ఒక పొద్దున్న అత్తయ్య కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, సూది తీసుకుని, తడబడకుండా దారం ఎక్కించింది. ఒక కాజా వేసి, వెలుతురులో పెట్టి చూసుకుని, దారం కొరికింది. అప్పుడే లోపలికి వచ్చిన హెడ్ మేడమ్ అది చూసింది. సాయంత్రానికి వీధి చివర డాక్టర్లు కత్తులు నూరుతున్నారు, మామయ్య వాళ్లను పక్కకు తప్పుకోమంటున్నాడు.

కథ ఇప్పటికీ పెరుగుతూనే ఉంది. అందులో డాక్టర్లున్నారు, కరెంటుంది, బొటనవేలుంది. ఆ చెయ్యి నయమయ్యేదాకా ఆ ఇంట్లో గిన్నెలు మామయ్యే తోమాడన్న మాట మాత్రం లేదు.